పంటు ఆగితే ఎదుర్లంక: శాటిలైట్ మోడెమ్‌కి రెండో దారి

మాది ముక్తేశ్వరం. కోనసీమలో, గౌతమి ఒడ్డున. ఎదురుగా కోటిపల్లి. మధ్యలో గోదావరి, దాని మీద పంటు. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా: పంటు అంటే మనుషుల్నీ బైకుల్నీ కార్లనీ కూడా ఎక్కించుకుని రేవు దాటించే వెడల్పాటి పడవ. మేం కాకినాడ వెళ్ళాలంటే పంటు ఎక్కి కోటిపల్లిలో దిగి ద్రాక్షారామం మీదుగా పోవడం దగ్గర దారి. వరదొస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు ముమ్మిడివరం మీదుగా వెళ్ళి, ఎదుర్లంక వంతెన ఎక్కి యానాంలో దిగుతాం. చుట్టుదారే గానీ, ఆ రోజుకి అదే దారి.

ఈ వ్యాసం మాత్రం శాటిలైట్ మోడెమ్‌ల గురించి. సాహిత్య క్లబ్ పత్రికలో ఈ సర్క్యూట్ల గోల ఏంట్రా అని మా ఎడిటర్ ఇప్పటికే అడిగేశాడు. నా జవాబు ఇదీ: మన అలంకార శాస్త్రంలో చెప్పిందే మళ్ళీ చెబితే పునరుక్తి దోషం. మా ఈసీఈలో మాత్రం పునరుక్తి లేకపోతేనే దోషం. ఒకే పని చేసే పెట్టెలు రెండు పెడతాం, దాన్ని రెడండన్సీ అంటాం. వ్యాకరణంలో 'మెల్లమెల్లగా' లాంటి మాటల్లో రెండోసారి వచ్చే పదాన్ని ఆమ్రేడితం అంటారు కదా. మా రెండో మోడెమ్ కూడా ఆమ్రేడితమే. ఎడిటర్ ఒప్పుకున్నాడు, కాబట్టి మీరూ ఒప్పుకోండి.

అసలు శాటిలైట్ ఎందుకు? 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద విరుచుకుపడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో ఎప్పుడు ఆ మాట వచ్చినా మామ్మ గాలి గురించి రెండు ముక్కలు చెప్పి, తర్వాతి రోజుల గురించే ఎక్కువ చెబుతుంది. కొబ్బరి చెట్లు పడి కరెంటు స్తంభాలు పోయాయి, ఫోను తీగలు పోయాయి. ఏటి అవతల ఉన్న మా అత్త బతికుందో లేదో ఐదు రోజులు తెలియలేదట. ఐదో రోజు ఎవరో మనిషి వచ్చి చెప్పాడట, "మీ అమ్మాయి బాగానే ఉందండి" అని. మామ్మ ఆ మనిషి పేరు మర్చిపోయింది గానీ, అతని చేతిలో ఉన్న గొడుగు ఇప్పటికీ గుర్తు.

నేల మీద తీగలన్నీ తెగినా, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి తుఫాను సంగతే తెలియదు. ఇక్కడ ఒక డిష్షు, ఒక జనరేటరు నిలబడితే చాలు, మాట బయటికి పోతుంది. అందుకే 1980లలోనే మన వాతావరణ శాఖ ఇన్శాట్ ద్వారా కోస్తా జిల్లాలకు నేరుగా తుఫాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేసింది. ఫలానా జిల్లాల రిసీవర్లే మేల్కొనేలా ముందు కోడ్ పంపి, తర్వాత సైరన్, ఆ తర్వాత స్థానిక భాషలో హెచ్చరిక. ఇవాళ ఫైబర్ వచ్చింది, సెల్ టవర్లు వచ్చాయి. దాంతో చాలా చోట్ల శాటిలైట్ లింకు రెండో దారి అయింది. అంటే మిగతావన్నీ పోయిన రోజున అక్కరకొచ్చేది. అలాంటి రోజున డిష్షు కింద గదిలో ఉన్న మోడెమ్ చచ్చిపోతే?

మోడెమ్ చేసే పని కొంచెం చూద్దాం. మన డేటాని తీసుకుని, తప్పులు సరిదిద్దుకునేందుకు అదనపు బిట్లు కలిపి, ఒక క్యారియర్ మీద ఎక్కిస్తుంది. ఈ క్యారియర్ 70 మెగాహెర్ట్జ్ దగ్గరో, ఎల్‌బ్యాండ్‌లోనో బయటికి వస్తుంది. దాన్ని ఇంకా పైకి, సీబ్యాండ్‌కో కేయూబ్యాండ్‌కో మార్చి, శక్తి పెంచి డిష్షుకి పంపేవి వేరే పెట్టెలు. వచ్చే దారిలో ఇదంతా తిరగేసి జరుగుతుంది. మోడెమ్‌లో ఉండేవి పవర్ సప్లై, ఫ్యాను, బోలెడంత డిజిటల్ సర్క్యూట్. మా వైపు ఉక్కపోతకీ, ఓల్టేజీ ఆటుపోట్లకీ ముందు పోయేవి ఫ్యానూ, పవర్ సప్లై.

సరే, రెండు మోడెమ్‌లు కొందాం. ఎలా కలపాలి? వచ్చే సిగ్నల్ సంగతి తేలిక. ఒక పవర్ స్ప్లిటర్ పెట్టి రెండింటికీ పంచేస్తాం. సగానికి సగం, అంటే 3 డెసిబెల్స్ పోతుంది కదా అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. కానీ డిష్షు దగ్గర ఉన్న లో నాయిస్ యాంప్లిఫయర్ అప్పటికే సిగ్నల్‌ని బాగా పెంచేసింది. ఫ్రిస్ సూత్రం గుర్తుందా? మొదటి దశలో గెయిన్ ఎక్కువుంటే తర్వాతి దశల్లో నష్టం నాయిస్ లెక్కలో దాదాపు కనబడదు. మూడో సెమిస్టర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ సూత్రం ఇక్కడ పనికొస్తుందని అప్పుడెవరైనా చెప్పుంటే బాగుండేది.

పంపే సిగ్నల్‌తోనే చిక్కు. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు మోడెమ్‌లూ ఒకేసారి మాట్లాడితే అవతల ఏదీ అర్థం కాదు. అందుకే మధ్యలో ఒక రిలే ఉంటుంది. ఒక మోడెమ్ బయటి లైనుకి కలిసి ఉంటుంది, రెండోది నోరు మూసుకుని ఉంటుంది. ఈ రిలే వల్ల ఇంకో రక్షణ కూడా ఉంది. చెడిపోయిన మోడెమ్ అంటే మౌనంగా చచ్చిపోయినదే అనుకుంటాం. కొన్ని అలా పోవు. పక్క ఫ్రీక్వెన్సీలోకి జారి అరుస్తూ కూర్చుంటాయి. అదే ఉపగ్రహం వాడుకుంటున్న ఇంకొకళ్ళ క్యారియర్ మీద పడతాయి. అలాంటిదాన్ని "ఆపు" అని ఆజ్ఞ ఇస్తే వినకపోవచ్చు. రిలే దాన్ని లైను నుంచే తెంపేస్తుంది.

ఇలా ఒకదానికొకటి తోడు పెట్టే పద్ధతిని 1:1 అంటారు. ఈ బొమ్మ గీయడానికి పది నిమిషాలు చాలు. మేం కూడా పది నిమిషాల్లోనే గీశాం.

మా మినీ ప్రాజెక్టు ఇదే. అసలు మోడెమ్‌లు కొనే స్తోమత లేదు కాబట్టి, సిగ్నల్ పుట్టించే రెండు చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుల్ని మోడెమ్‌లు అనుకున్నాం. మధ్యలో రిలే, దాన్ని నడిపే ఒక ఆర్డునో. మెయిన్ బోర్డుకి ఏదైనా తేడా వస్తే అది ఒక పిన్‌ని హై చేస్తుంది, ఆర్డునో చూసి రిలేని తిప్పుతుంది. తేడా తెప్పించడానికి ఒక ఎర్ర బటన్ కూడా పెట్టాం. రివ్యూ రోజున బటన్ నొక్కితే టక్కున మారింది. మేం నలుగురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని మురిసిపోయాం.

సార్ బటన్ వైపు చూడను కూడా చూడలేదు. వచ్చి మెయిన్ బోర్డు అడాప్టర్ పీకేశారు. ఏమీ జరగలేదు. ఆసిలోస్కోప్ మీద గీత చదునుగా పడుకుంది, ఆర్డునో పక్కన పచ్చ లైటు మాత్రం నవ్వుతూనే ఉంది. "మీ మోడెమ్ చచ్చిపోయిందమ్మా. మరి 'నేను చచ్చిపోయాను' అని ఎవరు చెబుతారు?" అన్నారు.

పొరపాటు అర్థమైందా? మా దగ్గర చెడిపోవడం అంటే హై, బాగుండటం అంటే లో. కరెంటు పోయిన బోర్డు పిన్ ఎప్పుడూ లోనే. అంటే శవం "నేను క్షేమం" అంటోంది. నిజమైన మోడెమ్‌లలో ఇది తిరగేసి ఉంటుంది. వాటి వెనకాల అలారం కోసం ఒక చిన్న రిలే, దానికి మూడు కాళ్ళు: మధ్యది కామన్, అటూ ఇటూ చెరొకటి. మోడెమ్ ఆరోగ్యంగా ఉన్నంతసేపూ అది తన కరెంటుతో ఈ రిలే కాయిల్‌ని పట్టి ఉంచుతుంది. చేయి వదిలేస్తే చాలు, స్ప్రింగు లాగి రెండో వైపుకి పడుతుంది. కరెంటు పోయినా, ప్రాసెసర్ బిగుసుకుపోయినా, తీగ తెగినా ఫలితం ఒక్కటే: అలారం. మేం కూడా అలాగే మార్చి, పైగా ప్రతి సెకనుకీ ఒక పల్స్ పంపాలనే నియమం పెట్టాం. మూడు పల్సులు రాకపోతే మెయిన్ పోయినట్టే.

ఇది చిన్న సవరణలా కనిపిస్తుంది. దాని విలువ లెక్కేసి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఒక మోడెమ్ ఏడాదిలో 99.9 శాతం సమయం పనిచేస్తుంది అనుకుందాం. అంటే ఏడాదికి ఆగిపోయేది 8 గంటల 46 నిమిషాలు. అలాంటివి రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడిపోయేవైతే, రెండూ కలిసి ఆగిపోయి ఉండేది ఏడాదికి సుమారు 32 సెకన్లు. బ్రోచర్లో వేసేది ఈ లెక్క. ఇప్పుడు మెయిన్‌కి వచ్చే లోపాల్లో 10 శాతాన్ని స్విచ్ కనిపెట్టలేదు అనుకోండి. ఆ 10 శాతం విషయంలో రెండో మోడెమ్ ఉన్నా లేనట్టే. ఏడాదికి దాదాపు 53 నిమిషాలు పోయాయి. 32 సెకన్లు ఎక్కడ, 53 నిమిషాలు ఎక్కడ! రెండో మోడెమ్‌కి ఇంకా డబ్బు పెట్టి ఇంకా మంచిది కొన్నా ఈ 53లో పెద్ద తేడా రాదు. లోపాన్ని పట్టుకునే చోటే మొత్తం ఉంది. మా ఎర్ర బటన్ ప్రాజెక్టు ఏం నిరూపించిందయ్యా అంటే, మేం ఊహించిన ఒక్క లోపాన్ని మాత్రం పట్టుకోగలమని.

అలాగని ప్రతి చిన్న దానికీ ఉలిక్కిపడే స్విచ్ కూడా పనికిరాదు. మా రెండో రివ్యూలో మెయిన్ అడాప్టర్ పిన్ను లూజుగా ఉండి, రిలే టకటకా అటూ ఇటూ కొట్టుకుంది. అప్పుడు నాకు రేవు గుర్తొచ్చింది. శీతాకాలం పొద్దున్నే మంచు పడితే పంటు కాసేపు కదలదు. వేసవిలో ఇసుక మేటల్లో తట్టుకుని ఆలస్యమవుతుంది. అనుభవం లేనివాడు పది నిమిషాలు చూసి బండి తిప్పేస్తాడు. అతను ముమ్మిడివరం చేరేలోపు పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయి ఉంటుంది. పోనీ, ముమ్మిడివరంలో ఉండగా "పంటు మొదలైంది" అని ఫోనొస్తే వెనక్కి తిరుగుతాడా? తిరిగితే రెండు దారులూ పోతాయి. నాన్న అయితే తిరగడు. ఆ రోజుకి ఎదుర్లంకే.

స్విచ్‌లో కూడా ఇవే రెండు ఏర్పాట్లు. లోపం కనిపించాక కొంతసేపు ఆగి, అప్పటికీ ఉంటేనే మారడం. మారాక, మెయిన్ బాగుపడినా దానంతటది వెనక్కి పోకుండా, మనిషి వచ్చి చూసి మార్చేదాకా బ్యాకప్ మీదే ఉండిపోవడం. ఎంతసేపు ఆగాలన్నది పుస్తకంలో దొరకదు, లింకు మీద ఏం నడుస్తోందో దాన్ని బట్టి. తుఫాను హెచ్చరిక రెండు సెకన్లు ఆలస్యమైతే కొంప మునగదు, మాట్లాడుతున్న ఫోన్ అయితే తెగిపోవచ్చు.

వాన సంగతి ఇంకా ఆసక్తికరం. 10 గిగాహెర్ట్జ్ పైన, అంటే కేయూబ్యాండ్‌లో, పెద్ద వాన సిగ్నల్‌ని మింగేస్తుంది. సీబ్యాండ్ ఇంతగా దెబ్బతినదు. మా ఊళ్ళో ఆషాఢంలో కురిసే వాన చూస్తే మీకే అర్థమవుతుంది. అలాంటప్పుడు మెయిన్ మోడెమ్ సిగ్నల్ తప్పిపోయి "లాక్ పోయింది" అని అలారం కొడుతుంది. స్విచ్ బ్యాకప్‌కి మారితే ఏమొస్తుంది? వాన దానిమీదా పడుతోంది! ఇక్కడే స్ప్లిటర్ ఇంకో మేలు చేస్తుంది. బ్యాకప్ కూడా అదే సిగ్నల్‌ని వింటోంది కాబట్టి అది సాక్షి. మెయిన్‌కి లాక్ పోయి, బ్యాకప్‌కి ఉంటే తప్పు మెయిన్‌ది. ఇద్దరికీ పోతే తప్పు ఆకాశానిది, కదలకుండా కూర్చోవాలి. మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు లింకు పోతుంది. అప్పుడూ అంతే. వానకి వేరే మందుంది: డీవీబీ-ఎస్2 లాంటి ప్రమాణాల్లో సిగ్నల్ బలహీనపడితే వేగం తగ్గించుకుని మాట నిలబెట్టుకునే పద్ధతి ఉంది. అది ఇంకో వ్యాసం.

మారడం అయ్యాక కూడా ఒక గొయ్యి ఉంది, ఇందులో చాలామంది పడతారు. రెండు మోడెమ్‌లూ ఒక ఈథర్నెట్ స్విచ్‌కి కలిసి ఉంటాయి. ఫలానా అడ్రసు ఫలానా పోర్టులో ఉందని ఆ స్విచ్ గుర్తు పెట్టుకుంటుంది, చాలా స్విచ్‌లు ఆ గుర్తుని 300 సెకన్లు ఉంచుకుంటాయి. మోడెమ్ ఒక్క సెకనులో మారిపోయినా, కొత్తది "నేనొచ్చాను" అని గట్టిగా ఒక ప్యాకెట్ అరవకపోతే, ఈథర్నెట్ స్విచ్ ఐదు నిమిషాలదాకా పాత గుమ్మంలోనే ఉత్తరాలు పడేస్తుంటుంది. పరీక్షలో "ఒక సెకను" అని రాసుకున్న టీమ్, నిజంగా పింగ్ పెట్టి చూస్తే తెల్లబోతుంది.

పెద్ద స్టేషన్లలో ఎనిమిదో పదో లింకులుంటే ప్రతిదానికీ జోడీ కొనడం దండగ. అన్నిటికీ కలిపి ఒక బ్యాకప్ పెడతారు, దాన్ని 1:N అంటారు. మన హాస్టల్ మెస్‌లో ఎవరు రాకపోయినా వాళ్ళ పని చేసే అబ్బాయి ఉంటాడు చూడండి, అలాగ. కానీ అతనికి అందరి పనీ తెలిసుండాలి. ప్రతి మోడెమ్ ఫ్రీక్వెన్సీ, వేగం, కోడింగ్, పవర్ స్థాయి, అన్నీ స్విచ్ దాచుకుని, ఏది పోతే దాని సెట్టింగులు బ్యాకప్‌లోకి ఎక్కిస్తుంది. అందుకు కొంచెం టైము పడుతుంది, కొత్త క్యారియర్‌ని అందుకోడానికి ఇంకొంచెం. అసలు ప్రమాదం అది కాదు. మూడో మోడెమ్ ఫ్రీక్వెన్సీని నిన్న ఎవరో మార్చారు, స్విచ్‌లో సేవ్ చేయడం మర్చిపోయారు. ఇవాళ మూడోది పోయింది. బ్యాకప్ నిష్ఠగా పాత ఫ్రీక్వెన్సీలో మొదలుపెడుతుంది, అక్కడ ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. పనిచేయని బ్యాకప్ కంటే ఇది హీనం.

ఇంతకీ, స్విచ్చే చెడిపోతే? ఇది మమ్మల్ని వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న. మెరుగైన స్విచ్‌లలో రిలేలు లాచింగ్ రకం, అంటే కరెంటు పోయినా ఏ వైపు ఉన్నాయో ఆ వైపే ఉండిపోతాయి. స్విచ్ బుర్ర పోయినా సిగ్నల్ దారి తెగదు. మార్చే శక్తి మాత్రం పోతుంది. పవర్ సప్లైలు రెండు పెడతారు, లింకు నడుస్తుండగానే కార్డు తీసి మార్చుకునేలా చేస్తారు. రిలే కాంటాక్టు అరిగిపోతే మాత్రం దానికి మందు లేదు. అందుకే మధ్యలో కూర్చునేది వీలైనంత మొద్దు వస్తువై ఉండాలి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా వెంటాడిన సంగతి. పైన 32 సెకన్ల లెక్కలో "ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా" అన్నాను కదా. సంబంధం లేకుండా ఎక్కడుంటాయి? ఒకే ర్యాకు, ఒకే ఏసీ, ఒకే కంపెనీ, ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే కేబుల్ గుండా వచ్చే పిడుగు.

దీనికి మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఉదాహరణ ఒకటుంది. మన సొంత నావిగేషన్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్ఎస్-1ఏని 2013 జులై 1న ప్రయోగించారు. నావిగేషన్ ఉపగ్రహానికి ప్రాణం గడియారం. గడియారం తప్పితే దూరం తప్పుతుంది. అందుకని ఒకటి చాలినా మూడు రుబీడియం గడియారాలు పెట్టారు. మూడూ ఒకే చోట కొన్నవే. మూడూ పోయాయి. ఉపగ్రహం మిగతా విధాలా బాగానే ఉంది, గడియారం లేక నావిగేషన్‌కి పనికిరాకుండా పోయింది. దాని స్థానంలోకి పంపడానికి 2017 ఆగస్టు 31న 1హెచ్‌ని ప్రయోగించారు. రాకెట్ పైకి వెళ్ళింది గానీ హీట్ షీల్డ్ ఊడలేదు, ఉపగ్రహం లోపలే చిక్కుకుపోయింది. బ్యాకప్‌కి పంపిన బ్యాకప్ కూడా పోయిందన్నమాట. 2018 ఏప్రిల్ 12న 1ఐ వెళ్ళి కక్ష్యలో నిలిచింది. తర్వాత ఇస్రో తన నావిగేషన్ ఉపగ్రహాల్లో అహ్మదాబాద్‌లో తయారైన సొంత గడియారాన్ని కూడా పెట్టడం మొదలుపెట్టింది. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో అది ఉంది. ఆమ్రేడితం వేరే అక్షరాలతో రాసినట్టు.

ఇది చదివాక మా ప్రాజెక్టు బల్ల దగ్గరికి వెళ్ళి చూశాను. రెండు బోర్డులు, రెండు అడాప్టర్లు. అడాప్టర్లు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో. ఆర్డునో కూడా అందులోనే. పక్క బెంచీ వాళ్ళు సోల్డరింగ్ ఐరన్ పెట్టుకోవాలని ఆ బోర్డు ప్లగ్గు పీకితే మొత్తం హుష్. బ్యాకప్‌ని పవర్ బ్యాంకు మీదకి మార్చాం.

ఇంకొకటి, బ్యాకప్ బతికుందో లేదో. నోరు మూసుకుని కూర్చున్న మోడెమ్ ఎప్పుడో చచ్చిపోయినా ఎవరికీ తెలియదు. వినే భాగం స్ప్లిటర్ వల్ల తెలుస్తుంది, పంపే భాగం మాత్రం పంపిస్తేనే తెలుస్తుంది. అందుకే బాగా నడిపే స్టేషన్లలో ఎప్పటికప్పుడు కావాలనే బ్యాకప్ మీదకి మారి, కొంతసేపు నడిపి చూస్తారు. ఆ మారేటప్పుడు లింకు ఒక క్షణం తెగుతుంది కాబట్టి చాలామంది వాయిదా వేస్తారు. అసలు రోజున చూసుకోవచ్చులే అని.

ఈ సంగతులన్నీ మొన్న సెలవుల్లో మా ఇంట్లో చెప్పాను. మామ్మకి రిలేలు పట్టలేదు గానీ, "రెండోది ఉందని ఊరుకోకుండా అప్పుడప్పుడు వాడి చూడాలా?" అని అడిగి నాన్న వైపు తిరిగింది. "ఏరా, నువ్వు ఎదుర్లంక మీదుగా వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

నాన్న ఆలోచించాడు. రెండేళ్ళట. మర్నాడు కాకినాడలో పనుంటే, పంటు నడుస్తున్నా, ఇద్దరం బండి మీద ముమ్మిడివరం రోడ్డు పట్టాం.